నూగు తీసిన బ్లేడు, గీతల వెంట వచ్చిన పులిపిర్లు: నల్లగొండ జిల్లా నుంచి ఒక కేస్ స్టడీ

ముఖం మీది సన్నని నూగును బ్లేడుతో తీయించుకోవడం ఇప్పుడు దక్షిణ తెలంగాణలోని మండల కేంద్రాల పార్లర్లలో కూడా దొరుకుతున్న సేవ. డెర్మాప్లేనింగ్ అని కొందరు, ఫేస్ షేవింగ్ అని కొందరు అంటారు. చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకుని, పదునైన బ్లేడును దాదాపు 45 డిగ్రీల వాలులో ఉంచి చిన్న చిన్న గీతలుగా నడిపిస్తే నూగుతో పాటు చర్మపు పైపొరలోని మృతకణాలు కూడా కొంత లేచిపోతాయి. అందుకే ఆ రోజు ముఖం నున్నగా, మేకప్ సమంగా పట్టేలా కనిపిస్తుంది. ఇది సురక్షితమేనా అని అడిగినవారికి, ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద, కొత్త బ్లేడుతో, చెయ్యి తిరిగినవారు చేస్తే చాలావరకు సురక్షితమే అని నేను చెబుతాను. ఆ జవాబులో అందరూ బ్లేడు గురించిన మాటనే గుర్తుపెట్టుకుంటారు, చర్మం గురించిన మాటను వదిలేస్తారు. ఈ కేసును రాయడానికి కారణం అదే. రోగి అనుమతి తీసుకున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలను వదిలేశాను, కొన్నింటిని మార్చాను.

నేపథ్యం

రోగి పాతికేళ్ల లోపు యువతి, నల్లగొండ జిల్లాలోని ఒక మండలానికి చెందినవారు. శ్రావణంలో నిశ్చితార్థం అయింది, మాఘంలో పెళ్లి. దసరా దాటిన తర్వాత తల్లితో కలిసి నా దగ్గరికి వచ్చారు. చెంపల మీద, కణతల దగ్గర, దవడ పొడవునా నూగు ఏడాది కాలంగా పెరుగుతూ వచ్చిందని, అది చూసి బంధువులు పీసీఓడీ (అండాశయాలకు, హార్మోన్లకు సంబంధించిన సమస్య) అయి ఉంటుందని భయపెట్టారని చెప్పారు. థైరాయిడ్ పరీక్ష, పొట్ట స్కానింగ్ అప్పటికే చేయించుకున్నారు, రెండింటిలోనూ తేడా ఏమీ లేదు. నిశ్చితార్థానికి కొద్ది రోజుల ముందు పార్లర్‌లో మొదటిసారి బ్లేడుతో నూగు తీయించుకున్నారు. సుమారు నెలన్నర తర్వాత చెంపల మీద చర్మం గరుకుగా తగలడం మొదలైంది. ఆ గరుకుదనం పోతుందన్న ఆశతో బతుకమ్మకు ముందు మరోసారి తీయించుకున్నారు. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే చిన్న చిన్న పొక్కులు రెండు చెంపలకూ పాకాయి.

తల్లి భయం వేరే రకంగా ఉంది. "మగపిల్లల లెక్క బ్లేడు పెట్టిచ్చుకున్నది మేడం, ఇగ గడ్డం వస్తదేమో" అని ఆమె పదే పదే అడిగారు. ఈ భయానికి ముందే సమాధానం చెప్పడం అవసరమనిపించింది, ఎందుకంటే అది తీరకపోతే తర్వాత నేను చెప్పే ఏ మాటా ఆమె చెవికెక్కదు. వెంట్రుక మందం, రంగు, పెరిగే వేగం చర్మం లోపలి కుదురులో నిర్ణయమవుతాయి. పైన కోసే బ్లేడు ఆ కుదురును తాకదు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శరీర నిర్మాణ శాస్త్రవేత్త గీసుకోవడం వల్ల వెంట్రుకల పెరుగుదల మారదని పరిశీలించి చూపారు. సహజంగా సన్నబడి ముగిసే నూగు కొసను బ్లేడు మొద్దుగా కోస్తుంది కాబట్టి, తిరిగి వస్తున్నప్పుడు అది చేతికి గరుకుగా తగులుతుంది. అంతకు మించి ఏమీ లేదు.

వచ్చిన సమస్య

పొక్కులను ఇంట్లోవాళ్లు మొటిమలనుకున్నారు. పార్లర్‌లో బ్లేడు సరిగా లేక వచ్చిన ఇన్ఫెక్షన్ అని ఊళ్లోని ఆర్‌ఎంపీ చెప్పి యాంటీబయాటిక్ బిళ్లలు ఇచ్చారు, వాటితో తగ్గలేదు. నేను చూసేసరికి పొక్కులు 1 నుంచి 3 మిల్లీమీటర్ల పరిమాణంలో, పైభాగం బల్లపరుపుగా, కొన్ని చర్మపు రంగులో, కొన్ని లేత గోధుమ రంగులో ఉన్నాయి. చీము లేదు, నొప్పి లేదు. మొటిమలకు ఆనవాలైన నల్లముల్లు, తెల్లముల్లు ఒక్కటీ కనిపించలేదు. వాటి అమరికే అసలు సంగతిని బయటపెట్టింది. చెవి వైపు నుంచి గడ్డం వైపుకు సన్నని సమాంతర రేఖలుగా, బ్లేడు నడిచిన దారిలోనే అవి వరుస కట్టి ఉన్నాయి.

ఇవి చదును పులిపిర్లు. హ్యూమన్ పాపిలోమా వైరస్‌లోని కొన్ని రకాలు, ముఖ్యంగా 3, 10 రకాలు, వీటిని కలిగిస్తాయి. వైరస్ చర్మపు పైపొరలోని సన్నని గీరుళ్ల గుండా లోపలికి చేరుతుంది, చేరాక పొక్కుగా బయటపడడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోపుతో చూసినప్పుడు లేత గోధుమ నేపథ్యం మీద సన్నని ఎర్రటి చుక్కలు సమంగా పరుచుకుని కనిపించాయి. లైకెన్ ప్లానస్ అనే చర్మవ్యాధి కూడా ఇలా గీతల వెంట రాగలదు, కానీ అందులో ఉండే ఊదా ఛాయ, దురద, వలలాంటి తెల్లటి గీతలు ఇక్కడ లేవు. పెళ్లికి సిద్ధమవుతున్న అమ్మాయి ముఖం మీద ముక్క కోసి పరీక్షకు పంపాలా అని ఆలోచించి, పరీక్షలో తేలేది చికిత్సను మార్చదు కాబట్టి వద్దనుకున్నాను.

వైరస్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. కుటుంబం పార్లర్ మీద కోపంగా ఉంది, బ్లేడు ఎవరికో వాడినదని నా నోట వినాలని ఆశించింది. రోగిని విడిగా అడిగితే, రెండుసార్లూ తన కళ్లముందే కొత్త బ్లేడు పొట్లం విప్పారని, ముఖాన్ని ముందే తుడిచారని స్పష్టంగా చెప్పారు. అప్పుడు నిశ్చితార్థానికి ముందు తీసుకున్న ఫొటోలు ఫోన్‌లో ఏమైనా ఉన్నాయా అని అడిగాను. మొదటి బ్లేడుకు ముందటి నెలలో కిటికీ వెలుతురులో తీసుకున్న ఒక ఫొటోను పెద్దది చేసి చూస్తే, ఎడమ కణత దగ్గర మూడు నాలుగు బల్లపరుపు పొక్కులు అప్పటికే ఉన్నాయి. వైరస్ ఆమె ముఖం మీదే ఉంది. బ్లేడు దాన్ని ఒకచోటు నుంచి చెంపంతా పరిచింది. ఎంత శుభ్రమైన బ్లేడైనా ఒకే ముఖం మీద ఇటు నుంచి అటు నడిచేటప్పుడు ఈ పని చేయగలదు. పార్లర్ తప్పు శుభ్రతలో లేదని, గీసే ముందు ఆ పొక్కులను ఎవరూ గుర్తించకపోవడమే జరిగిందని కుటుంబానికి చెప్పాను.

నూగు అసలు కారణం

నూగుకు, గరుకైన వెంట్రుకకు తేడా చూడకుండా హార్మోన్ల పరీక్షలు రాయడం మన దగ్గర ఎక్కువ. నూగు వెంట్రుక మందం సాధారణంగా 0.03 మిల్లీమీటర్ల కంటే తక్కువ, రంగు లేత. మగ హార్మోన్ల ప్రభావంతో వచ్చేవి గడ్డం కింద, పై పెదవి మీద, ఛాతీ మధ్యన, పొత్తికడుపు మీద మొలిచే మందమైన నల్లని వెంట్రుకలు. వాటిని కొలవడానికి వాడే ఫెరిమన్ గాల్వే స్కోరులో నూగును లెక్కించరు. ఈ యువతికి అలాంటి మందమైన వెంట్రుకలు లేవు, నెలసరి క్రమంగా ఉంది, మొటిమలు లేవు. హార్మోన్ పరీక్షలు ఇంకేవీ రాయలేదు.

మరి ఏడాదిలోనే నూగు ఎందుకు పెరిగింది? మందులేమైనా వాడుతున్నావా అని అడిగితే లేదన్నారు. రాత్రి పడుకునే ముందు ముఖానికి ఏం రాసుకుంటావమ్మా అని అడిగితే సంచిలోంచి ఒక ట్యూబ్ తీశారు. మంగు మచ్చలకని మెడికల్ షాపులో కొన్నది, ముఖం తెల్లబడిందని ఏడాదిన్నరగా ప్రతి రాత్రీ రాస్తున్నది. ఆమె దృష్టిలో అది మందు కాదు, నైట్ క్రీమ్. దాని మీద చిన్న అక్షరాల్లో హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం అని ఉంది. మొమెటాసోన్ స్టెరాయిడ్. 2018లో కేంద్ర ప్రభుత్వం మొమెటాసోన్‌తో సహా పలు స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అయినా ఈ ట్యూబులు చేతికి అందుతూనే ఉన్నాయి.

ఇక్కడ విడివిడిగా కనిపించిన విషయాలన్నీ ఒకదానితో ఒకటి కలిశాయి. స్టెరాయిడ్‌ను ముఖానికి నెలల తరబడి రాస్తే నూగు పెరుగుతుంది, చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, ఆ చోట రోగనిరోధక శక్తి తగ్గి వైరస్‌కు దారి దొరుకుతుంది. ట్రెటినోయిన్ పైపొరను మరింత సున్నితం చేస్తుంది. అలాంటి చర్మాన్ని బ్లేడుతో రెండుసార్లు గీశారు. తీయించుకోవాలనుకున్న నూగు ఆ క్రీమ్ తెచ్చిన లక్షణం. దాన్ని ఎవరైనా ఒక సూచనగా చదివి ఉంటే బ్లేడు దాకా వెళ్లే పనే ఉండేది కాదు.

చేసిన ప్రయత్నాలు, ఫలించనివి

ముందుగా తేల్చుకోవాల్సింది క్రీమ్ సంగతి. ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు వారాల్లో ముఖం ఎర్రబడి, మండి, చీముపొక్కులు లేస్తాయి. ఆ మంట తట్టుకోలేక మళ్లీ అదే ట్యూబ్‌కు వెళ్లేవారే ఎక్కువ. మరోవైపు వైరస్ ఉన్న చర్మం మీద స్టెరాయిడ్ కొనసాగించడం మంచిది కాదు. రెండింటినీ తూచి, మూడు మందుల ట్యూబ్‌ను అదే రోజు ఆపించి, బలం తక్కువైన స్టెరాయిడ్ హైడ్రోకార్టిసోన్ 1 శాతాన్ని రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు, అలా కొద్ది వారాల్లో పూర్తిగా మానేలా పథకం వేశాను. ఇలాంటి చోట చాలామంది చర్మవైద్యులు టాక్రోలిమస్ పూత ఇస్తారు, నేనూ చాలా కేసుల్లో ఇస్తాను. కానీ అది కూడా ఆ చోటి రోగనిరోధక చర్యను అణిచే మందే. పులిపిర్లు పాకుతున్న ముఖం మీద దాన్ని వాడడానికి మనసొప్పలేదు.

మంట వచ్చింది, అయితే ఊహించినంత తీవ్రంగా రాలేదు. గర్భం లేదని నిర్ధారించుకుని డాక్సిసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి ఇచ్చాను. వాసన లేని మాయిశ్చరైజర్, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ తప్ప ముఖానికి ఇంకేదీ రాయొద్దన్నాను. మన జిల్లా ఎండలో గొడుగు గానీ చున్నీ గానీ లేకుండా బస్టాండు దాకా నడిచినా పలచబడిన ఆ చర్మం నల్లబడుతుందని ప్రత్యేకంగా చెప్పాను.

పులిపిర్లకు ఏం చేయాలన్నది ఇంతకంటే కష్టమైన ప్రశ్న. పెళ్లి నాలుగు నెలల లోపే ఉంది కాబట్టి, అన్నింటినీ కాటరీతో కాల్చేయమని కుటుంబం అడిగింది. చామనఛాయ, నలుపు ఛాయల చర్మాల్లో కాల్చిన చోట నల్లమచ్చ, ద్రవ నైట్రోజన్ పెట్టిన చోట తెల్లమచ్చ మిగిలే అవకాశం ఎక్కువ. చదును పులిపిర్లు చాలా సందర్భాల్లో మచ్చ లేకుండా వాటంతట అవే పోతాయి, మనం చేసే చికిత్స మచ్చ మిగిల్చితే అది రోగం కంటే పెద్ద నష్టం. అయినా కుటుంబం ఆత్రుతను పూర్తిగా కొట్టిపారేయకుండా, చెవి ముందు జుట్టు కప్పే చోట రెండు పొక్కులకు మాత్రం తక్కువ శక్తితో కాటరీ చేసి చూశాం. ఒకటి ఆనవాలు లేకుండా మానింది. రెండోదాని స్థానంలో మినపగింజంత గోధుమరంగు మచ్చ చాలా వారాలు నిలిచింది. దాన్ని అద్దంలో చూసుకున్నాక ఆ అమ్మాయే ఇక కాల్చడం వద్దన్నారు.

రెటినాయిడ్ (విటమిన్ ఎ తరహా) పూతమందైన అడాపలీన్ 0.1 శాతం జెల్ కూడా తొలివిడతలో ఫలించలేదు. చర్మం ఇంకా కోలుకోకముందే దాన్ని రోజు విడిచి రోజు రాయగా మంట భరించలేని స్థాయికి వెళ్లింది, ఆపేశాం. రోగనిరోధక చర్యను ప్రేరేపించే పూతమందు ఇమిక్విమాడ్ గురించి ఆలోచించాను, కానీ అది కలిగించే వాపును స్టెరాయిడ్ మానిన తర్వాత వచ్చే వాపు నుంచి వేరుచేసి చూడడం కష్టమవుతుందని పక్కన పెట్టాను. నూగుకు లేజర్ చేయించమని ఒక బంధువు సూచించారట. రంగు లేని సన్నని నూగులో లేజర్ పట్టుకోవడానికి తగినంత మెలనిన్ (రంగునిచ్చే పదార్థం) ఉండదు. పైగా దక్షిణాసియా స్త్రీల ముఖం, మెడల మీద లేజర్ తర్వాత వెంట్రుకలు తగ్గకుండా ఇంకా పెరగడం వైద్య సాహిత్యంలో నమోదైన విషయమే. దారంతో థ్రెడింగ్ కూడా వద్దన్నాను, ఆ దారం రాపిడి వెంట కూడా పులిపిర్లు పాకుతాయి.

పని చేసినవి

సుమారు ఆరు వారాలకు మంట తగ్గి, ముఖం కడిగినప్పుడు చురుక్కుమనడం ఆగింది. అప్పుడు అడాపలీన్‌ను మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి వారానికి రెండు రాత్రులు, మాయిశ్చరైజర్ రాసిన తర్వాత దాని మీద బఠాణీ గింజంత మాత్రమే. అదే మందు, మారింది చర్మం స్థితి. ఈసారి తట్టుకున్నారు.

చికిత్స మొత్తంలో నాకు అతి ముఖ్యమైన ఘట్టం దీని తర్వాత కొద్ది వారాలకు వచ్చింది. పులిపిర్లన్నీ ఉన్నట్టుండి ఎర్రబడి ఉబ్బాయి, దురద మొదలైంది. తల్లి ఫోన్ చేసి, మందు పడలేదేమో, పాత ట్యూబ్ ఒక్క రాత్రి రాస్తే తగ్గుతుందేమో అని అడిగారు. ఆమెకు అది రోగం ముదిరినట్టు కనిపించింది. కానీ చదును పులిపిర్లలో ఇలా ఒకేసారి ఎర్రబడడం శరీరం వైరస్‌ను గుర్తించి దాడి మొదలుపెట్టిందనడానికి సూచన. చాలాసార్లు దీని వెంటే అవి మాయమవుతాయి. ఆ రాత్రి స్టెరాయిడ్ రాసి ఉంటే ఆ దాడినే ఆపేసేవాళ్లం. చల్లటి తడిగుడ్డ, మాయిశ్చరైజర్ తప్ప ఏదీ వద్దని, అడాపలీన్ కూడా కొన్ని రోజులు ఆపమని, మరుసటి రోజు వచ్చి చూపించమని చెప్పాను. వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఇది ఎందుకు మంచి లక్షణమో వివరించాను. రెండు మూడు వారాల్లో కుడి చెంప దాదాపు పూర్తిగా, ఎడమ చెంప చాలావరకు తేటపడ్డాయి. అడాపలీన్ ఎంత చేసింది, స్టెరాయిడ్ మానడం వల్ల తిరిగొచ్చిన రోగనిరోధక శక్తి ఎంత చేసింది అని విడదీసి చెప్పే వీలు ఒక్క కేసులో ఉండదు. నా అంచనాలో రెండోదే పెద్ద భాగం.

పెళ్లి పనుల్లో ఇంకో నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. పెళ్లికూతురిని చేసే రోజు నలుగు పెట్టి రుద్దడం ఇంటి ఆనవాయితీ. శనగపిండి, పసుపుతో గట్టిగా రుద్దితే మిగిలిన కొద్ది పులిపిర్ల నుంచి వైరస్ మళ్లీ పాకగలదు. ఆనవాయితీని మానుకోమనడం నా పని కాదు, అలా చెప్పినా ఎవరూ వినరు. చేతులకు, కాళ్లకు నలుగు పెట్టి, ముఖానికి మాత్రం నుదుటి మీద పసుపు బొట్టులా తాకించి వదిలేయమన్నాను. ఇంటి పెద్దావిడ ఒప్పుకున్నారు. మేకప్‌కు కొత్త స్పాంజ్ తెచ్చుకోమని, దాన్ని తర్వాత పారేయమని చెప్పాను. నూగును తీయలేదు. చర్మానికి ఆనకుండా చిన్న కత్తెరతో పై పెదవి మీదివి మాత్రం కత్తిరించారు.

స్టెరాయిడ్ మానిన నాలుగైదు నెలలకు నూగు కూడా బాగా తగ్గింది. పెళ్లి తర్వాత గర్భం కోరుకుంటే అడాపలీన్ ముందే ఆపాలని చెప్పి ఉన్నాను, పులిపిర్లు పూర్తిగా పోవడంతో ఆ మందు అవసరమే లేకుండా పోయింది.

ఈ కేసు నుంచి మార్చుకున్న పద్ధతులు

చివరి సందర్శనలో ఆమె, మళ్లీ ఎప్పుడైనా బ్లేడుతో తీయించుకోవచ్చా అని అడిగారు. ఎన్నడూ వద్దని చెప్పడం సులువు, కానీ అది నిజం కాదు. ముఖం మీద ఏ పొక్కూ లేకుండా కొన్ని నెలలు గడిచాక, మొదట చెవి ముందు చిన్న చోట గీసి, కొన్ని వారాలు ఆగి చూసి, ఏమీ రాకపోతే మిగిలిన చోట చేయించుకోవచ్చన్నాను. అప్పుడు కూడా వెంట్రుక వాలిన దిశలోనే, ఒకే చోట మళ్లీ మళ్లీ గీయకుండా, నెలకు ఒకసారికి మించకుండా. రెటినాయిడ్, ఆమ్లాలున్న సీరం వాడుతుంటే ముందు ఐదారు రోజులు, తర్వాత కొన్ని రోజులు ఆపాలి. ఆ రోజు నుంచి సన్‌స్క్రీన్ తప్పదు.

బ్లేడు ఒకరికి ఒకటే అన్న నియమం ఎప్పటిలాగే అవసరం. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట ఆరిన రక్తంలో కనీసం 7 రోజులు బతికి ఉంటుంది, కంటికి కనిపించని గీరు కూడా దానికి చాలు. కానీ ఈ కేసులో ఆ నియమం పాటించినా హాని జరిగింది కాబట్టి, ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పెళ్లికూతుళ్లను, సలహా అడిగే పార్లర్ నిర్వాహకులను ముందు చర్మాన్ని చూడమంటున్నాను. వెలుతురును ముఖానికి పక్కనుంచి పడేలా పెడితే బల్లపరుపు పొక్కుల నీడ కనిపిస్తుంది, ఎదురుగా పెడితే కనిపించదు. చీముమొటిమలు, జలుబుపొక్కులు, గజ్జి, సోరియాసిస్, గాయం మానాక పొంగే మచ్చలు వచ్చే స్వభావం ఉన్నవారికి బ్లేడు పెట్టకూడదు. ముఖానికి ఏ మందు వాడుతున్నారని అడిగితే లేదనే జవాబే వస్తుంది, అందుకని రాత్రి రాసుకునే ట్యూబ్‌ను తెచ్చి చూపించమనాలి. దాని మీద బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ అనే పేర్లలో ఏదున్నా ఆ రోజుకు బ్లేడు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పంపాలి. ఏడాదిలోపు కొత్తగా పెరిగిన నూగుతో ఎవరైనా వచ్చినప్పుడు కూడా ఇదే ప్రశ్నతో మొదలుపెట్టాలి, హార్మోన్ పరీక్షల చీటీ దాని తర్వాత.